క్యాటలిటిక్ కట్టెల స్టవ్‌ను పొగ లేకుండా మండించడం, సంరక్షించడం: సమగ్ర మార్గదర్శి

క్యాటలిటిక్ స్టవ్ (కట్టె పొగను కంబస్టర్ అనే, సన్నని గదులున్న తేనెపట్టు లాంటి దిమ్మెలో మండించే పొయ్యి) వాడేవారి ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: బైపాస్ (పొగను నేరుగా పొగగొట్టంలోకి పంపే దారి) ఎప్పుడు మూయాలి, థర్మామీటర్ ముల్లు ఎందుకు పైకి లేవడం లేదు, అన్నీ సరిగానే చేస్తున్నా పొగగొట్టం నుంచి పొగ ఎందుకు వస్తోంది? కంబస్టర్ తగినంత వేడెక్కాక, ఎండుకట్టె పొగ అందినప్పుడు మాత్రమే పనిచేస్తుందన్న విషయం పట్టుబడితే వీటిలో చాలావాటికి సమాధానం దానంతట అదే దొరుకుతుంది. ఈ రెండు షరతులనూ ప్రతిసారీ ఎలా నెరవేర్చాలో ఈ మార్గదర్శి వరుసగా చెబుతుంది. మీ స్టవ్ తయారీదారు ఇచ్చిన పుస్తకంలోని సూచన ఇక్కడి అంకెలకు భిన్నంగా ఉంటే, ఆ పుస్తకాన్నే పాటించండి.

1. ముందుగా తెలుసుకోవలసిన భాగాలు, అంకెలు

కట్టె వేడెక్కినప్పుడు దానినుంచి మండే వాయువులు, తారు ఆవిరి వెలువడతాయి. కట్టెలోని శక్తిలో సగానికి పైగా వీటిలోనే ఉంటుంది. మామూలుగా ఇవి పూర్తిగా మండాలంటే సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పల్లాడియం, ప్లాటినం వంటి లోహాల పలుచని పూత ఉన్న కంబస్టర్ గుండా ప్రవహించినప్పుడు మాత్రం అదే పొగ 260 డిగ్రీల దగ్గరే మండడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక అది తన వేడిని తానే నిలుపుకుంటుంది కాబట్టి, గాలి తగ్గించి గంటల తరబడి నెమ్మదిగా మండించినా పొగ రాకుండా ఉంటుంది.

మీరు నడపవలసినవి రెండే: గాలిని పెంచి తగ్గించే మీట, బైపాస్ మీట. బైపాస్ తెరిచి ఉంటే పొగ కంబస్టర్‌ను తాకకుండా నేరుగా పొగగొట్టంలోకి పోతుంది. మూస్తే కంబస్టర్‌లోని సన్నని గదుల గుండా పోతుంది. మీరు చదవవలసింది కంబస్టర్ దగ్గర అమర్చిన ప్రోబ్ థర్మామీటర్. చాలా థర్మామీటర్ల మీద ఫారన్‌హీట్ అంకెలే ఉంటాయి కనుక రెండు కొలతలూ ఇస్తున్నాను.

- 500 ఫారన్‌హీట్ (260 సెల్సియస్): దీనికి దిగువన కంబస్టర్ పనిచేయదు.
- 700 నుంచి 1400 ఫారన్‌హీట్ (370 నుంచి 760 సెల్సియస్): ముల్లు ఎక్కువ సమయం ఉండవలసిన చోటు ఇదే.
- 1600 ఫారన్‌హీట్ (870 సెల్సియస్): స్టవ్ దగ్గర నిలబడి గమనించవలసిన స్థాయి.
- 1800 ఫారన్‌హీట్ (980 సెల్సియస్): పూత దెబ్బతినడం మొదలయ్యే స్థాయి.

ప్రోబ్ లేని క్యాటలిటిక్ స్టవ్‌ను నడపడం ఊహతో నడపడమే. మీ స్టవ్‌కు అది లేకపోతే, మిగతా ఏ పరికరం కన్నా ముందు దాన్ని అమర్చుకోండి.

2. కట్టెలు సిద్ధం చేయడం

కంబస్టర్ పాడైందని వచ్చే ఫిర్యాదులలో చాలావాటికి అసలు కారణం పచ్చికట్టె. అప్పుడే నరికిన చెట్టులో సగం బరువు వరకు నీరే ఉండవచ్చు. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడి ఖర్చవుతుంది, ఆ ఆవిరి కంబస్టర్‌ను చల్లబరుస్తుంది, చల్లబడిన కంబస్టర్ పొగను మండించలేదు. పైగా, బాగా వేడిగా ఉన్న సిరామిక్ కంబస్టర్‌ను ఒక్కసారిగా తేమ ఆవిరి తాకితే అది పగుళ్లు ఇవ్వవచ్చు. అందువల్ల ఈ ఒక్క అంశం మీద ఎంత సమయం వెచ్చించినా వృథా కాదు.

మొద్దులను నరికిన వెంటనే చీల్చాలి. చీల్చని మొద్దు బెరడు చాటున ఏళ్ల తరబడి తడిగానే ఉంటుంది. పేళ్లు 8 నుంచి 15 సెంటీమీటర్ల మందం ఉంటే చాలు. నేలకు తగలకుండా కింద దుంగలు పరిచి, గాలి ఆడేటట్టు పేర్చి, పైభాగాన్ని మాత్రమే కప్పండి. పక్కలు కూడా పట్టాతో చుట్టేయడం చాలామంది చేసే పొరపాటు. వర్షాన్ని ఆపుతున్నామనుకుంటూ లోపలి తేమను బయటికి పోనివ్వకుండా చేస్తారు. మెత్తని కట్టెకు ఆరు నెలల నుంచి ఏడాది, ఓక్ వంటి గట్టి కట్టెకు రెండేళ్ల వరకు పడుతుంది.

అంచుల పగుళ్లు, తట్టినప్పుడు వచ్చే గలగల శబ్దం, తక్కువ బరువు ఇవన్నీ సూచనలే కానీ రుజువులు కావు. పిన్నులున్న తేమ మీటర్ కొని ఇలా పరీక్షించండి:

- కుప్పలో వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు పేళ్లు తీసి, గది వేడికి వచ్చేదాకా ఇంట్లో ఉంచండి. గడ్డకట్టిన కట్టెలో మీటర్ తప్పు అంకె చూపిస్తుంది.
- ప్రతి పేడును మళ్లీ చీల్చండి. పైతలం మీద కొలిస్తే తేమ తక్కువగా కనిపించి మోసపోతారు.
- కొత్తగా బయటపడ్డ ముఖం మధ్యలో, నార పొడవు వెంట పిన్నులు గుచ్చి అంకె చూడండి.
- 15 నుంచి 20 శాతం ఉంటే వాడవచ్చు. 25 శాతం దాటిన కట్టెను తిరిగి కుప్పలో పెట్టండి.

అతిగా ఎండిన కట్టెతో కూడా ఒక చిక్కు ఉంది. బట్టీలో ఆరబెట్టిన పలుచని చెక్కముక్కలతో స్టవ్ నింపితే అవి ఒక్కసారిగా వాయువులు వదిలి కంబస్టర్‌ను హద్దు మీరి వేడెక్కిస్తాయి. అటువంటివి రాజేయడానికి వాడుకుని, నిండు మోపుకు మందమైన పేళ్లు ఉంచుకోవడం మంచిది.

3. వెలిగించే ముందు చూసుకోవలసినవి

- బైపాస్ పూర్తిగా తెరిచి ఉంది, గాలి మీట పూర్తి స్థాయిలో ఉంది.
- స్టవ్ అడుగున 2 నుంచి 3 సెంటీమీటర్ల బూడిద పరుపు మిగిలి ఉంది. అంతకు మించినది తీసేశారు.
- గాలి లోపలికి వచ్చే రంధ్రాలను బూడిద కప్పేయలేదు.
- గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్లు ఆపేశారు.
- పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నాయి.

4. చల్లని స్టవ్‌ను రాజేయడం

మొదటి అడుగు: రెండు మూడు మధ్యరకం పేళ్లు అడుగున పెట్టి, వాటిమీద సన్నని పేళ్లు, ఆపైన చితుకులు పేర్చి, పైన ముట్టించండి. మంట పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి వెలువడే పొగ మంట గుండా పోవలసి వస్తుంది. కంబస్టర్ చల్లగా ఉన్న ఈ దశలో పొగ తగ్గించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

రెండవ అడుగు: పొగగొట్టం బాగా చల్లబడి పొగ గదిలోకి తన్నుతుంటే, పొయ్యి గది పైభాగంలో ఒక కాగితపు ఉండను విడిగా మండించి గొట్టాన్ని ముందు వేడిచేయండి.

మూడవ అడుగు: చితుకులు బాగా అంటుకున్నాక తలుపు మూసి గడియ వేయండి. తలుపు ఓరగా వదిలి దూరంగా వెళ్లవద్దు.

నాలుగవ అడుగు: 20 నుంచి 30 నిమిషాల పాటు చురుకైన మంటను కొనసాగించండి. అవసరమైతే ఒకటి రెండు మధ్యరకం పేళ్లు చేర్చండి. ఈ దశలో కట్టె ఆదా చేయాలని చూస్తే కంబస్టర్ ఎప్పటికీ రాజుకోదు.

5. బైపాస్ ఎప్పుడు మూయాలి

తొందరపడి మూస్తే చల్లని పొగ కంబస్టర్‌లోని ఇరుకైన గదులలోకి వెళ్లి, తారుగా పేరుకుని వాటిని మూసేస్తుంది. పొగగొట్టం లాగుడు కూడా పడిపోతుంది. ఆలస్యంగా మూస్తే వేడంతా గొట్టంలోకి పోయి, గొట్టం ప్రమాదకరంగా వేడెక్కవచ్చు. ఈ రెండింటిలో మొదటిదే ఎక్కువగా జరుగుతుంది.

ముల్లు 500 దాటిన క్షణాన మూయకుండా, 600 నుంచి 700 ఫారన్‌హీట్ (315 నుంచి 370 సెల్సియస్) దగ్గరికి వచ్చి ఇంకా పైకి కదులుతున్నప్పుడు మూయడం మేలు. బైపాస్ తెరిచి ఉన్నప్పుడు ప్రోబ్ చూపేది మంట సెగ వల్ల వచ్చిన వేడి మాత్రమే. కంబస్టర్ లోపలి భాగం దానికన్నా వెనకబడి ఉండవచ్చు. కొంచెం ఎక్కువ వేడి దగ్గర మూస్తే ఆ తేడాకు చోటు ఉంటుంది.

మూసిన తర్వాత గాలిని వెంటనే తగ్గించకండి. ముల్లు కాస్త తగ్గినట్టు కనిపించి, అయిదు పది నిమిషాల్లో తిరిగి పైకి లేవాలి. లేవకపోతే బైపాస్ తెరిచి, మంటను పెంచి, మరోసారి ప్రయత్నించండి.

బయటికి వెళ్లి పొగగొట్టం కొన చూడండి. నీలం లేదా బూడిద రంగు పొగ గాలిలో చాలాదూరం సాగుతూ ఉంటే కంబస్టర్ ఇంకా పనిచేయడం లేదని అర్థం. చలికాలపు గాలిలో తెల్లగా కనిపించి కొద్ది దూరంలోనే మాయమయ్యేది నీటి ఆవిరి. దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు.

6. గాలి తగ్గించే తీరు

బైపాస్ మూశాక మరో 20 నిమిషాల వరకు చురుకైన మంట ఉంచి, ఆపైన మీటను ఒకేసారి కిందికి లాగకుండా, మూడు నాలుగు విడతలుగా తగ్గించండి. ప్రతి విడతకూ మధ్య అయిదు నుంచి పది నిమిషాలు ఆగి ముల్లు ఎటు పోతోందో చూడండి. ప్రోబ్ ఎప్పుడూ ఆలస్యంగానే చెబుతుంది; ఇప్పుడు కనిపిస్తున్న అంకె కొన్ని నిమిషాల కిందటి సంగతి. బ్లేజ్ కింగ్ కంపెనీ స్టవ్‌లలో ఉన్నటువంటి థర్మోస్టాట్ గాలిని తానే సవరించుకుంటుంది, అయినా మొదట వేడెక్కించే సమయాన్ని అది తప్పించలేదు.

కొత్తవారిని గాభరా పెట్టే విషయం ఒకటి ఇక్కడే ఎదురవుతుంది. గాలి తగ్గించి మంట చిన్నదైన తర్వాత ప్రోబ్ అంకె పెరుగుతుంది. ఇది తప్పు కాదు. మంట తగ్గితే మండకుండా మిగిలే పొగ ఎక్కువవుతుంది, ఆ పొగే కంబస్టర్‌కు ఇంధనం. ముల్లు 1400 లోపు నిలకడగా ఉంటే దాని మానాన వదిలేయండి.

1600 దాటితే ముందు పొయ్యి గదిలోకి చూడండి. మంటలు భగ్గుమంటూ ఉంటే గాలి తగ్గించండి. మంట లేకుండా చీకటిగా, పొగ నిండి ఉంటే గాలిని కొద్దిగా పెంచండి. మంట తిరిగి లేచి పొగలో కొంత భాగాన్ని కిందే మండించి కంబస్టర్ మీద భారం తగ్గిస్తుంది. ఫ్యాన్ ఉన్న స్టవ్ అయితే దాన్ని పూర్తి వేగంలో పెట్టండి. ఏ సందర్భంలోనూ తలుపు తెరవకండి.

కంబస్టర్ ఎర్రగా వెలగడం గురించి కూడా ఒక అపోహ ఉంది. బాగా వేడెక్కినప్పుడు అది ఎర్రబడుతుంది, తక్కువ వేడిలో ఎర్రబడకుండానే చక్కగా పనిచేస్తుంది. కాబట్టి రంగును కాక ముల్లును, పొగగొట్టం కొనను నమ్మండి.

7. మళ్లీ కట్టెలు వేయడం

మంటలు ఇంకా ఎగసిపడుతున్నప్పుడు కాక, కణకణలాడే నిప్పుల పరుపు మిగిలినప్పుడు కట్టెలు వేయాలి. వరుస తప్పకూడదు:

1. గాలి మీటను పూర్తిగా పెంచండి.
2. బైపాస్ తెరిచి ఒక నిమిషం ఆగండి. బైపాస్ మూసి ఉండగా తలుపు తెరిస్తే చల్లగాలి వేడి కంబస్టర్ మీదికి దూసుకుపోతుంది, పొగ గదిలోకి వస్తుంది.
3. తలుపును రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే తెరిచి, లాగుడు నిలదొక్కుకున్నాక మెల్లగా పూర్తిగా తెరవండి.
4. నిప్పులను గాలి వచ్చే వైపుకు లాగి, పేళ్లను కంబస్టర్‌కు, గ్యాస్కెట్లకు (అంచుల నుంచి గాలి చొరబడకుండా బిగించే తాడు లాంటి పట్టీలకు) తగలకుండా పేర్చండి.
5. తలుపు మూసి, బైపాస్ తెరిచే ఉంచి, అయిదు నుంచి పది నిమిషాలు కొత్త కట్టె పైభాగం నల్లబడేదాకా మండనివ్వండి. పైపై తేమ ఈ సమయంలోనే పోతుంది.
6. ముల్లు పనిచేసే స్థాయిలోనే ఉంటే బైపాస్ మూయండి. పడిపోయి ఉంటే అయిదవ భాగంలో చెప్పినట్టు మళ్లీ వేడెక్కించండి.

8. స్టవ్‌లో ఎప్పుడూ వేయకూడనివి

రంగు వేసిన చెక్క, రసాయనాలు పట్టించిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్, ఇంటి చెత్త, రంగుల అచ్చు కాగితం, బొగ్గు, ఉప్పునీటిలో నానిన కట్టె. వీటిలోని సీసం, జింకు, గంధకం, క్లోరిన్ వంటివి కంబస్టర్ పూతకు విషం. ఆ నష్టం కడిగితే పోదు. పొగగొట్టం శుభ్రం చేస్తాయంటూ మంటలో చల్లే పొడులను కూడా తయారీదారు అనుమతిస్తేనే వాడండి.

9. లోపం కనిపించినప్పుడు

ముల్లు పైకి లేవడం లేదు. ముందు కట్టె తేమ కొలవండి. అది సరిగా ఉంటే మొదటి మంట మరింత చురుగ్గా, మరింత సేపు ఉంచండి. అప్పటికీ ఫలితం లేకపోతే స్టవ్ చల్లబడ్డాక ప్రోబ్ తీసి, దాని కాడకు పట్టిన మసి తుడిచి, వేరొక థర్మామీటర్‌తో పోల్చి చూడండి. కంబస్టర్‌ను అనుమానించవలసింది వీటి తర్వాతే.

తలుపు తీస్తే పొగ గదిలోకి వస్తోంది. బైపాస్ తెరిచినప్పుడు కూడా వస్తుంటే పొగగొట్టంలో గానీ దాని టోపీ జాలీలో గానీ అడ్డు ఉంది. బైపాస్ మూసినప్పుడు మంట మందగిస్తూ, తెరిస్తే మామూలవుతుంటే కంబస్టర్ గదులు బూడిదతో లేదా తారుతో మూసుకుపోయాయి.

కంబస్టర్ నల్లగా తారు పట్టి ఉంది. బైపాస్ తెరిచి, ఎండుకట్టెతో ఒక గంటసేపు చురుకైన మంట పెట్టండి. సెగకు తారు కాలిపోతుంది. తర్వాత ముల్లు చూసి బైపాస్ మూయండి.

గాలి తగ్గించాక స్టవ్ బుస్సుమంటూ పొగ కక్కుతోంది. లోపల పేరుకున్న వాయువులు ఒక్కసారిగా అంటుకోవడం దీనికి కారణం. గాలిని మరీ త్వరగా, మరీ ఎక్కువగా తగ్గించారు. మీటను కొంచెం పెంచి, సన్నని మంట కనిపించేటట్టు ఉంచండి.

మీట పూర్తిగా తగ్గించినా మంట తగ్గడం లేదు. ఎక్కడో గాలి దొంగదారిన వస్తోంది. తలుపు, బూడిద పెట్టె, అద్దం గ్యాస్కెట్లను వరుసగా పరీక్షించండి.

అద్దం ఒక మూలే నల్లబడుతోంది. ఆ పక్కన గ్యాస్కెట్ వదులైంది. అద్దమంతా నల్లబడితే కట్టె తడిగా ఉంది లేదా గాలి చాలడం లేదు.

కంబస్టర్‌తో విసిగి దాన్ని తీసేసి స్టవ్ వాడేవారు ఉంటారు. అది పరిష్కారం కాదు; పొగ పెరుగుతుంది, గొట్టంలో తారు పెరుగుతుంది. అమెరికాలో అయితే అలా తీసేసి వాడడం సమాఖ్య నిబంధనలకు విరుద్ధం.

10. మామూలు సంరక్షణ

బూడిదను బిగుతైన మూత ఉన్న లోహపు డబ్బాలోకి తీసి, ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా, రాతి లేదా సిమెంటు నేల మీద ఉంచండి. బూడిదలో నిప్పు రోజుల తరబడి ఆరకుండా ఉండగలదు.

గ్యాస్కెట్‌ను నెలకోసారి పరీక్షించండి. చల్లని స్టవ్ తలుపులో ఒక కాగితపు పట్టీ పెట్టి మూసి లాగాలి. జారి వచ్చేస్తే గడియను బిగించండి, అప్పటికీ పట్టు లేకపోతే తాడు మార్చండి. కొత్త తాడు పాతదాని మందానికి సమానంగా ఉండాలి, అతికించేటప్పుడు సాగదీయకూడదు. బైపాస్ గ్యాస్కెట్‌ను కూడా చూడండి, ఎందుకంటే అది కారితే కొంత పొగ కంబస్టర్‌ను తాకకుండానే వెళ్లిపోతుంది, ముల్లు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది.

స్టవ్ వాడే చలికాలంలో కంబస్టర్‌ను కనీసం మూడుసార్లు తనిఖీ చేయండి. స్టవ్ పూర్తిగా చల్లబడ్డాక మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, టార్చి వెలుతురులో కంబస్టర్ గదులను చూడండి. బూడిద ఉంటే మెత్తని కుంచెతో దులిపి, వాక్యూమ్ గొట్టాన్ని తాకించకుండా దగ్గరగా ఉంచి లాగించండి. సిరామిక్ కంబస్టర్ మీద ఇనుప కుంచె, గట్టి గాలి పీడనం వాడితే పూత, గోడలు రాలిపోతాయి.

పొగగొట్టం లోపల 3 మిల్లీమీటర్ల మందం తారు లేదా మసి పట్టితే శుభ్రం చేయించాలి. ఎంత తక్కువ వాడినా ఏడాదికోసారి తనిఖీ తప్పదు. క్యాటలిటిక్ స్టవ్ గొట్టంలోకి తక్కువ వేడి పంపుతుంది కనుక, ఇంటి బయటి గోడ వెంట పోయే ఉష్ణ రక్షణ లేని గొట్టం దీనికి తగదు. గొట్టంలో మంట లేచిందని గుర్తిస్తే గాలి, తలుపు పూర్తిగా మూసి, అందరినీ బయటికి పంపి, అగ్నిమాపక దళాన్ని పిలవండి.

11. వెనిగర్ కడుగు, కంబస్టర్ మార్పిడి

దులిపినా పనితనం తగ్గుతూ ఉంటే, తయారీదారు అనుమతించిన పక్షంలో కంబస్టర్‌ను కడగవచ్చు. బూడిదలోని క్షారాలు పూతను కప్పేసినప్పుడు ఇది మేలు చేస్తుంది. సీసం వంటి విషాలు పట్టినప్పుడు, పూత రాలినప్పుడు చేయదు.

- కంబస్టర్‌ను జాగ్రత్తగా బయటికి తీసి, చుట్టూ ఉన్న గ్యాస్కెట్‌ను తొలగించండి.
- తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి, వంటకు వాడని పాత్రలో సన్నగా మరిగించి, కంబస్టర్‌ను 30 నిమిషాలు అందులో ఉంచండి.
- శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌లో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు నానబెట్టండి.
- 150 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఒక గంట ఆరబెట్టండి. తడి మిగిలి ఉండగా మంటలో పెట్టకూడదు.
- కొత్త గ్యాస్కెట్ చుట్టి, తిరిగి అమర్చండి.

శ్రద్ధగా వాడితే కంబస్టర్ సుమారు 12,000 గంటలు పనిచేస్తుందని సాధారణంగా లెక్కిస్తారు. అయితే గంటల కన్నా లక్షణాలను చూసి మార్చడం సరైనది. సన్నని వెంట్రుక పగుళ్లు ఉన్నా దిమ్మె కలిసి ఉంటే వాడుకోవచ్చు. ముక్కలు ఊడిపోయినా, గోడలు పొడిపొడిగా రాలుతున్నా, ఎండుకట్టెతో సరైన వేడి దగ్గర మూసినా పొగగొట్టం నుంచి బైపాస్ తెరిచినప్పటిలాగే పొగ వస్తున్నా మార్చవలసిందే. కొత్త కంబస్టర్ మొదట్లో అతి చురుగ్గా ఉండి ముల్లును పాతదాని కన్నా ఎత్తుకు తీసుకుపోతుంది. మొదటి కొన్ని మంటలు చిన్న మోపులతో నడపండి.

12. చలికాలం ముగిశాక

- పొగగొట్టాన్ని అప్పుడే శుభ్రం చేయించండి. తేమతో కలిసిన మసి లోహాన్ని తింటుంది.
- బూడిదంతా తీసేయండి. అది కూడా తేమ పీల్చుకుంటుంది.
- కంబస్టర్, బైపాస్, గ్యాస్కెట్లను పరీక్షించి, మార్చవలసిన భాగాలను ఇప్పుడే తెప్పించుకోండి.
- ప్రోబ్ తీసి తుడిచి పెట్టండి.
- వచ్చే చలికాలానికి కావలసిన కట్టెల తేమను ఒకసారి కొలవండి. 20 శాతానికి మించి ఉంటే కుప్పను ఎండ, గాలి తగిలే చోటికి మార్చండి.